పక్కన ఒక సీనియర్ ఉండాలి

హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ 1998లో తెరుచుకున్నప్పుడు ఈ చుట్టుపక్కల ఎటు చూసినా రాళ్లగుట్టలే. ఇప్పుడు గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, మాదాపూర్‌ల మధ్య ఏఐజీ, కాంటినెంటల్, మెడికవర్, కేర్, యశోద ఆసుపత్రులు. పెద్ద డాక్టర్ల పేర్లు హోర్డింగుల మీద కనిపిస్తాయి. రాత్రి రెండు గంటలకు రోగి మంచం దగ్గరుండేది మాత్రం నర్సు.

ఆ మధ్య మా పెద్దమ్మకు తోడుగా ఇక్కడే ఒక ఆసుపత్రిలో ఉన్నాను. డ్యూటీ మారే వేళ. బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసి కొత్తగా చేరిన అమ్మాయి కేస్‌షీట్ చూసి బీపీ, షుగర్ గడగడా చదివేసింది. సీనియర్ సిస్టర్ ఏమీ అనకుండా దుప్పటి తీసి, పెద్దమ్మ మడమ ఎత్తి, ఎర్రగా ఉన్నచోట బొటనవేలితో నొక్కి వదిలింది.

‘‘ఎరుపు పోయిందా?’’

‘‘పోలేదక్కా.’’

‘‘పుండు ఇట్లనే మొదలైతది. రెండు గంటలకోసారి పక్కకు తిప్పు. మడమ పరుపుకు ఆనొద్దు.’’

తర్వాత ఇన్సులిన్ మోతాదు ఇద్దరూ విడివిడిగా లెక్కగట్టి, సరిపోయాకే సూది వేశారు.

ఆసుపత్రుల్లో శిక్షణ గదులుంటాయి. బొమ్మల మీద సీపీఆర్ నేర్పుతారు, తరగతులు పెడతారు. అవన్నీ కావాల్సినవే. కానీ ఆ బొటనవేలి పని మంచం పక్కనే రావాలి. అది నేర్పాలంటే సీనియర్ చేతిలో రోగులు తక్కువ ఉండాలి. అసలు ఆ సీనియర్ ఉద్యోగంలో మిగిలి ఉండాలి. రెండూ యాజమాన్యానికి ఖర్చే.

ఇదే ప్రాంతంలో సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఫ్రెషర్‌కు నెలల తరబడి జీతమిచ్చి, నేర్పాకే ప్రాజెక్టులో వేస్తాయి. కోడ్ తప్పితే మళ్లీ రాసుకోవచ్చు. ప్రాణాల దగ్గర పనిచేసే ఫ్రెషర్‌కు మాత్రం మనుషులు తక్కువైన రాత్రి నేరుగా మంచాలు అప్పగించేస్తే ఎలా? నాకు అస్సలు మింగుడుపడని విషయం ఇదే.

ఇక జీతం. సుప్రీంకోర్టు 2016 ఆదేశంతో ఏర్పడిన కమిటీ, 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రుల్లో నర్సులకు ప్రభుత్వ నర్సులతో సమానంగా జీతం ఇవ్వాలనీ, 50 పడకలలోపు ఆసుపత్రిలోనైనా 20 వేలకు తగ్గకూడదనీ సిఫారసు చేసింది. అమలు రాష్ట్రాల చేతికి వెళ్లింది. 2018లో కేరళ 20 వేల కనీస వేతనాన్ని నోటిఫై చేసింది. మన దగ్గర అనుభవం వచ్చిన అమ్మాయి గల్ఫ్ వైపో, జర్మనీ వైపో చూస్తుంది. జర్మన్ భాష నేర్పి పంపడానికి తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామే ఉంది. వెళ్లేవాళ్లను తప్పుపట్టను.

ఉన్నవాళ్లకు ప్రమోషన్ అంటే ఇన్‌ఛార్జి, ఆపై సూపర్‌వైజర్. పైకి వెళ్లేకొద్దీ చేతికి రోస్టర్లు వస్తాయి, రోగి దూరమవుతాడు. మంచం దగ్గరే ఉంటూ హోదా, జీతం పెరిగే దారి కావాలి. ఐసీయూలో పనిచేస్తూ చదివే రెండేళ్ల క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సును ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ రూపొందించింది. పెద్ద ఆసుపత్రులు తమ నర్సులను ఖర్చు పెట్టి అందులో చదివించాలి, చదివొచ్చినవాళ్లకు తగిన బాధ్యత ఇవ్వాలి.

యాజమాన్యాలకు నా విన్నపం: కొత్తగా చేరిన నర్సును మొదటి మూడు నెలలు మంచాల లెక్కలో వేయకండి. పాఠకులకూ ఒక మాట. ఆసుపత్రిలో చేరేముందు ప్యాకేజీ ఎంతని అడుగుతాం కదా, రాత్రిపూట ఒక నర్సుకు ఎందరు రోగులో కూడా అడగండి.