లెక్కకు పేర్లు పెట్టిన పనితనం

రిఫరెన్స్ కౌంట్, అంటే ఒక మెమరీ ముక్కను ఎందరు పట్టుకున్నారో చెప్పే లెక్క, చెడి ప్రోగ్రాం కూలితే, కూలిన చోట దొంగ దొరకడు. కోర్ ఫైల్‌ను జీడీబీ డీబగ్గర్‌లో తెరిస్తే కనబడేది ఆ మెమరీని చివరిసారి ముట్టుకున్న ఫంక్షన్. దానికి ఏ పాపమూ తెలియదు. అసలు తప్పు అంతకు చాలా ముందే, బహుశా ఇంకో త్రెడ్‌లో, ఎవరో ఒక్కసారి ఎక్కువ వదిలినప్పుడు జరిగిపోయింది. ఆ ఫంక్షన్ ఎప్పుడో ముగిసింది, దాని స్టాక్ మీద వేరే పనులు నడిచిపోయాయి. మిగిలింది ఒక అంకె. అది ఎవరి పేరూ చెప్పదు.

ఆ అంకె చేత పేర్లు చెప్పించిన కోడ్ ఒకటి ఉంది. గ్లస్టర్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టంలో ఐనోడ్‌లను, అంటే ఒక్కో ఫైల్‌కు మెమరీలో ఉండే రికార్డులను, చూసుకునే సీ ఫైల్ అది. తీరిక దొరికినప్పుడల్లా తెరిచి చదవాలనిపించే కోడ్ ఎక్కువ ఉండదు. నాకు ఇది అలాంటిది.

ఆనంద్ బాబు పెరియసామి వ్యవస్థాపకుడిగా 2005లో మొదలైన గ్లస్టర్ కంపెనీ ఇంజనీరింగ్‌లో పెద్ద భాగం బెంగళూరులో సాగింది. 2011 అక్టోబరులో రెడ్‌హ్యాట్ దాన్ని సుమారు 13.6 కోట్ల డాలర్లకు కొన్నది. ఎన్నో యంత్రాల డిస్కులను కలిపి ఒకే ఫైల్ సిస్టంగా చూపడం గ్లస్టర్‌ఎఫ్‌ఎస్ పని. ఏ ఫైల్ ఎక్కడుందో చెప్పే కేంద్ర సర్వర్ లేదు. ఫైల్ పేరు హ్యాష్ చేస్తే అది ఏ బ్రిక్ మీద, అంటే ఏ యంత్రంలోని ఏ నిల్వ భాగంలో, ఉండాలో తేలుతుంది. కాపీలు ఉంచడం, క్యాషింగ్, నెట్‌వర్క్, ఇలా ఒక్కో పనికి ఒక్కో ట్రాన్స్‌లేటర్ రాసి, ఒకదాని మీద ఒకటి పేర్చారు. అభ్యర్థన పైనుంచి కిందికి దిగుతుంది, జవాబు అదే దారిలో పైకి ఎక్కుతుంది. దారిలో ఉన్న ఏ ట్రాన్స్‌లేటరైనా ఆ ఫైల్ ఐనోడ్‌ను మెమరీలో పట్టుకుని ఉండవచ్చు. జవాబులు వేర్వేరు యంత్రాల నుంచి, వేర్వేరు త్రెడ్లలో, ఏ వరసలోనైనా రావచ్చు. కాబట్టి ఆ ఐనోడ్ ఎవరికీ అక్కర్లేదని ఎప్పుడు తేల్చాలి?

జార్జ్ కాలిన్స్ 1960 డిసెంబరులో ప్రచురించిన ఉపాయమే ఇక్కడా నడుస్తోంది. పట్టుకున్నవాడు ఒకటి కలపాలి, వదిలినవాడు ఒకటి తీసేయాలి, సున్నాకు దిగితే మెమరీ వెనక్కి ఇచ్చేయాలి. గ్లస్టర్ ఐనోడ్‌కు ఇలాంటి లెక్కలు రెండు. ఒకటి లోపలి ట్రాన్స్‌లేటర్ల పట్టు. రెండోది, ఫ్యూజ్ ద్వారా కెర్నెల్ ఆ ఫైల్‌ను ఎన్నిసార్లు అడిగి గుర్తుంచుకుందన్నది. లోపలివాళ్లు అందరూ వదిలినా కెర్నెల్‌కు గుర్తుంటే ఐనోడ్ వెంటనే చావదు, యాక్టివ్ జాబితా నుంచి ఎల్‌ఆర్‌యూ జాబితాకు మారుతుంది. రెండు లెక్కలూ సున్నా అయితే పర్జ్ జాబితాకు వెళ్తుంది.

ఇందులో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది రూట్ ఐనోడ్ సంగతి. అది ఎప్పటికీ యాక్టివ్ జాబితాలోనే ఉండాలి కనుక దాన్ని ఎవరు వదిలినా కోడ్ పట్టించుకోదు. మామూలు ప్రోగ్రామర్ అక్కడితో ఆగిపోతాడు. ఇది రాసినవాళ్లు ఇంకో అడుగు వేశారు. వదలడాన్ని లెక్కించకుండా పట్టుకోవడాన్ని మాత్రం లెక్కిస్తూ పోతే అంకె పెరిగి పెరిగి ఒకనాడు పొంగిపోతుంది. అందుకని పట్టుకోవడాన్నీ లెక్కించడం మానేసి, ఆ అంకెను ఒకటి దగ్గరే నిలిపారు. ఎందుకలా చేశారో కోడ్ పక్కనే వ్యాఖ్యలో రాసిపెట్టారు. తర్వాత వచ్చేవాడి మీద ఎంత శ్రద్ధ!

తప్పు పట్టుకోవడానికి వేసిన ఉచ్చులూ అంతే శ్రద్ధగా ఉన్నాయి. కేటాయించిన ప్రతి మెమరీ ముక్కకూ తలా తోకా దగ్గర ఒక్కో గుర్తు అంకె రాస్తారు. తల దగ్గరిది హెక్సాడెసిమల్‌లో ‘కేఫ్‌బేబ్’ అని చదివించే అంకె. విడిపించేటప్పుడు అది చెక్కుచెదరకుండా ఉందా అని చూస్తారు. డీబగ్ బిల్డ్‌లోనైతే విడిపించిన మెమరీలో ‘డెడ్‌కోడ్’ అని చదివించే అంకె ఉన్న గుర్తును పదేపదే రాస్తారు. కోర్ ఫైల్‌లో ఒక పాయింటర్ ఉండాల్సిన చోట ఆ అంకె కనబడిందంటే, ఎవరో చచ్చిన వస్తువును వాడుతున్నారని ఒక్క చూపులో తెలిసిపోతుంది.

లెక్క అప్పటికే సున్నా అయిన ఐనోడ్‌ను ఎవరైనా మళ్లీ వదలబోతే ఒక అసర్ట్ అడ్డుపడుతుంది. మహారాష్ట్రలోని భివండిలో వరాలా తలావ్ చుట్టుపక్కల, కామత్‌ఘర్, పద్మానగర్ గల్లీల్లో, తెలంగాణ నుంచి వలస వచ్చి సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే పద్మశాలీలకు ఇలా అడ్డుపడే ఏర్పాటు కొత్త సంగతి కాదు. సాంచా మీద పేక ఉన్నంతసేపూ ఆ నూలు ఫోర్కును నెట్టి, దాని కొక్కేన్ని సుత్తికి అందకుండా లేపుతుంది. పేక తెగిందా, ఫోర్కు కదలదు, సుత్తి కొక్కేన్ని లాగుతుంది, సాంచా ఆగిపోతుంది. గజాల కొద్దీ పాడైన గుడ్డ చూశాక ఎక్కడ తెగిందో వెతుక్కునే పని లేదు. డీబగ్ బిల్డ్‌లో అసర్ట్ చేసేది ఇదే. వాడుకదారుల బిల్డ్‌లో మాత్రం అది ప్రోగ్రాంను ఆపదు. ఎవరు పిలిస్తే ఇక్కడికి వచ్చామో లాగ్‌లో రాసి ముందుకు సాగుతుంది. వేలమంది ఫైళ్లు చదువుతున్న సర్వర్‌ను నిలబెట్టేయకూడదన్న నిర్ణయం అది. నాకది సరైనదే అనిపిస్తుంది, కానీ ఆ లాగ్ చదివేవాడు ఉండాలి.

ఇక పేర్ల సంగతి. మొత్తం లెక్క ఏడు అని తెలిస్తే ఏం లాభం? ఆ ఏడింటిలో ఎవరివి ఎన్ని? దీనికోసం తర్వాత కోడ్‌లో ప్రతి ఐనోడ్‌కూ ట్రాన్స్‌లేటర్ వారీగా ఒక లెక్క చేర్చారు. పట్టుకున్నప్పుడూ వదిలినప్పుడూ, ఆ క్షణాన ఏ ట్రాన్స్‌లేటర్ నడుస్తోందో చూసి దాని ఖాతాలో రాస్తారు. నడుస్తున్న ప్రాసెస్‌కు యూఎస్‌ఆర్1 సిగ్నల్ పంపితే స్టేట్‌డంప్ ఫైల్ పడుతుంది, అందులో ఈ ఖాతాలు కనబడతాయి. సున్నా ఉన్నవాటిని ముద్రించరు. పట్టు ఇంకా వదలనివాళ్ల పేర్లే మిగులుతాయి. కాసేపు ఆగి మరో డంప్ తీసి పోల్చితే ఎవరి ఖాతా పెరుగుతూనే ఉందో బయటపడుతుంది. అక్కడి నుంచి చూడాల్సింది ఆ ఒక్క ట్రాన్స్‌లేటర్‌నే, అందులోనూ ముందుగా లోపం వచ్చినప్పుడు మధ్యలోనే బయటపడే దారులను. మరచిపోయిన విడుపులు ఎక్కువగా అక్కడే ఉంటాయి.

ఆర్‌ఆర్ లాంటి పనిముట్టు చేతికి అందితే పని ఇంకా సులువు. అది ప్రోగ్రాం నడకను రికార్డు చేస్తుంది. లెక్క అంకె మీద వాచ్‌పాయింట్ పెట్టి వెనక్కి నడిపిస్తే, దాన్ని మార్చిన ప్రతివాడి దగ్గరా ఆగుతుంది. కానీ అది త్రెడ్లను ఒక్క కోర్ మీదే వంతులవారీగా నడుపుతుంది. నాలుగు యంత్రాల జవాబులు ఒకేసారి వచ్చిపడినప్పుడు పుట్టే తప్పు అక్కడ పుట్టకపోవచ్చు. అందుకే ముందే రాసిపెట్టుకున్న ఖాతాలకు అంత విలువ.

మరచిపోయిన విడుపు మెమరీని వృథా చేయడంతోనే పోతుందనుకోకూడదు. 2016 జనవరిలో బయటపడ్డ లినక్స్ కీరింగ్ లోపం అలాంటిదే. ప్రాసెస్ తన దగ్గర ఇప్పటికే ఉన్న కీరింగ్‌నే మళ్లీ అడిగితే, కెర్నెల్ పట్టుకున్నది వదలకుండా బయటికి వచ్చేది. అలా 32 బిట్ల లెక్కను పెంచుకుంటూ పోతే అది తిరిగి సున్నాకు చేరేది, వాడుకలో ఉన్న మెమరీ విడుదలయ్యేది, మామూలు వాడుకదారుడు రూట్ అయిపోగలిగేవాడు. దిద్దుబాటుకు ఆ దారిలో ఒక్క విడుపు చాలింది. మరుసటి ఏడాది 4.11 కెర్నెల్‌లో రెఫ్‌కౌంట్-టీ అనే కొత్త రకం వచ్చింది. లెక్క పొంగబోతే అది సున్నాకు తిరగదు, హెచ్చరిక రాసి ఒక పెద్ద అంకె దగ్గర బిగుసుకుపోతుంది. ఆ వస్తువు ఇక ఎన్నటికీ విడుదల కాదు. ఆ కాస్త మెమరీని అలా వదులుకోవడానికి కెర్నెల్ సిద్ధపడింది.