‘షన్’ వెనక ఎవరున్నారు?

మొన్న ఆఫీసులో టెస్ట్ డేటాబేస్ అనుకుని అసలుదాని మీద స్క్రిప్ట్ నడిపేశాను. రెండు గంటలు కస్టమర్లకి వాళ్ళ ఆర్డర్లు కనబడలేదు. తర్వాత రాసిన రిపోర్టులో ‘డిగ్రడేషన్’ ఉంది, ‘రెస్టరేషన్’ ఉంది, నేను లేను. ఆ రాత్రి ఆర్వెల్ 1946 వ్యాసం ‘పాలిటిక్స్ అండ్ ది ఇంగ్లిష్ లాంగ్వేజ్’ మళ్ళీ తీశాను.

ఈ వ్యాసం పేరెత్తగానే అందరూ చెప్పేది లాటిన్ మాటలు మానెయ్యమన్న సలహా. నా దృష్టిలో అది వ్యాసంలో బలహీనమైన భాగం. బైబిల్లోని ప్రసంగి గ్రంథం వాక్యాన్ని ఆఫీసు ఇంగ్లిష్‌లోకి మార్చి, అందులో 18 లాటిన్ మూలాలు లెక్కపెడతాడు. చదవడానికి సరదాగానే ఉంటుంది. కానీ మాట పుట్టిన ఊరు నేరం ఎలా అవుతుంది? ‘-షన్’ లేకపోతే ఇంగ్లిష్‌లో ‘నేషన్’ లేదు, ‘ఎమోషన్’ కూడా లేదు. తను తిట్టిన తప్పులు తన వ్యాసంలోనూ దొరుకుతాయని ఆర్వెలే ఒప్పుకుంటాడు.

అసలు బలం ‘పాసిఫికేషన్’ దగ్గరుంది. ఊళ్ళ మీద బాంబులేస్తారు, జనాన్ని తరిమేస్తారు, పశువుల్ని కాల్చేస్తారు, గుడిసెలు తగలబెడతారు. అన్నిటికీ కలిపి ఆ ఒక్క పేరు. లాటిన్‌లో విప్పి చూస్తే శాంతి ఉంది, చేయడం ఉంది, చేసినవాడు లేడు. ‘తగలబెట్టారు’ అంటే ఎవరని అడగబుద్ధవుతుంది. క్రియ కాస్తా నామవాచకం అయ్యాక, కర్త లేకపోయినా వాక్యం దర్జాగా నిలబడుతుంది. ‘-షన్’ బదులు ‘-ఇంగ్’ వాడొచ్చుగా అన్నట్టు ఆర్వెల్ ఒకచోట అంటాడు. చాలామంది దాటేసే ఆ మాట నాకు లాటిన్ లెక్కలకన్నా ముఖ్యం.

ఎందుకంటే మన ‘-డం’ చేసేదీ దాదాపు ఆ పనే. ‘ప్రభుత్వం ఫ్యాక్టరీని అమ్మేయడం’ అన్నప్పుడు అమ్మినవాళ్ళు పక్కనే నించుంటారు. ‘ఫ్యాక్టరీ ప్రైవేటీకరణ’లో వాళ్ళని వెతుక్కోవాలి. (ఇంగ్లిష్ మాటకి సంస్కృతం తోక! ఆ ‘-కరణ’లోనూ చేయడమే దాక్కునుంది.) అలాగని ‘-డం’ పవిత్రమేం కాదు. ‘తొలగించడం జరిగింది’ అనే నోటీసులు మనం చూడనివా? అందులో లాటిన్ చుక్క కూడా లేదు.

మర్నాడు రిపోర్టు తెరిచి, స్క్రిప్ట్ నడిపింది నేనేనని రాశాను. మనుషుల్ని వేలెత్తి చూపే రిపోర్టులు వద్దు, నీ పేరు తీసెయ్యమన్నాడు టీమ్ లీడ్. నన్ను కాపాడటానికే అన్నాడు, అందులో న్యాయం లేకపోలేదు కూడా. పేరు తీసేశాను. కానీ ‘అసలు డేటాబేస్ మీద స్క్రిప్ట్ నడిపారు’ అన్న వాక్యంలో క్రియని మాత్రం ఉంచాను.