ఎర్రమందు పనితనం

యాసంగి నాట్లంటే డిసెంబరు, జనవరి. సాగర్ ఎడమ కాల్వ కింద త్రిపురారం పొలాల్లో, పొద్దున్నే మంచులో బురదలో నిలబడేవాళ్లకు సర్ది పట్టకుండా ఎట్లుంటుంది? ముక్కు బిగుసుకుపోయిన రాత్రి ఈ వైపు ఇళ్లలో గుర్తొచ్చే మందు జిందా తిలిస్మాత్.

హైదరాబాద్‌లో 1920లో హకీం మహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ మొదలుపెట్టిన యునానీ మందు ఇది. త్రిపురారం ఉన్న నల్లగొండ కూడా అప్పుడు నిజాం రాజ్యంలోనిదే. పెట్టె మీది హబ్షీ యోధుడు నాటి నిజాం సైన్యంలోని ఆఫ్రికా సిపాయిలను గుర్తుచేస్తాడు.

దినుసులు ఎక్కువేం లేవు. నీలగిరి తైలం, కర్పూరం, పుదీనా పువ్వు, వాము పువ్వు, రతన్‌జోత్ వేరు. వీటిని జతకూర్చిన తెలివే నన్ను కట్టిపడేస్తుంది. కర్పూరం, పుదీనా పువ్వు, వాము పువ్వు మూడూ గట్టి పలుకులే. దేనికది విడిగా ఉంటే పొడిపొడిగానే ఉంటాయి. మూడింటినీ కల్వంలో వేసి నూరండి. పొయ్యి అక్కర్లేదు, చుక్క నీళ్లు పోయనక్కర్లేదు. ముందు అంచుల్లో చెమ్మ పుడుతుంది, పలుకులు ఒకదానికొకటి అంటుకుంటాయి, చూస్తుండగానే అంతా ద్రవమైపోతుంది. కలిసినప్పుడు వాటి కరిగే వేడి మామూలు గది వేడి కన్నా కిందికి దిగిపోవడమే కారణం. ఇళ్లలో చేసుకునే అమృతధార కూడా ఈ మూడింటి కలయికే. ఇక రతన్‌జోత్ ఎరుపు నీళ్లలో దిగదు, నూనెలో ఇట్టే దిగుతుంది. సీసాలోని ఆ చిక్కటి రంగు వేరు ఇచ్చినదే.

వేడినీళ్లలో రెండు చుక్కలు వేసి, దుప్పటి కప్పుకుని ఆవిరి పడితే ముందు నీలగిరి ఘాటు కళ్లకు తగులుతుంది. ఆ వెనక వాము వాసన, తర్వాత గొంతు దాకా చల్లదనం. పుదీనా పువ్వు నిజానికి ముక్కులో వాపును తగ్గించదు. చలిని పసిగట్టే నరాలను తట్టి లేపుతుంది, గాలి ధారాళంగా ఆడుతున్నట్టు అనిపిస్తుంది. ఆ నరాల్లోని గ్రాహకం ఏదో 2002లో తేలింది. ఆ పని చేసినవారిలో ఒకరైన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. వాపు అట్లాగే ఉన్నా, ఊపిరాడిందన్న నిమ్మళంతో మనిషికి కునుకు పడుతుంది. పగలంతా వంగి నాట్లు వేసిన ఒంటికి అది చిన్న మేలు కాదు.

ఒక్కటి మాత్రం మరవొద్దు. కర్పూరం మింగితే పసిపిల్లలకు మూర్ఛలు రావచ్చు. రెండేళ్ల లోపు పిల్లల ముక్కు దగ్గరికి ఈ మందు తేవద్దు. సీసాను వాళ్ల చేతికందని ఎత్తులో పెట్టండి. ఆయాసం వచ్చినా, జ్వరం తగ్గకపోయినా ఆవిరితో ఆగిపోకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి.