వేళ్లకు వేరే పని

పరీక్షల కాలంలో కొన్ని ఇళ్లలో చదువుకునే బల్ల కింద వెంట్రుకలు పోగుపడతాయి. ఊడినవి కావు, పీకినవి. ఊడినవైతే ఇల్లంతా చెదిరి ఉంటాయి. ఇవి కుర్చీకి ఒక పక్కనే, పిల్ల ఏ చేత్తో పీకుతుందో ఆ పక్కనే పడి ఉంటాయి. ఇల్లు ఊడ్చే మనిషికి ముందు తెలుస్తుంది. కొన్నాళ్లకు మాడు మీదో, చెవి పైనో రూపాయి బిళ్లంత ఖాళీ కనబడుతుంది. పేనుకొరుకుడు అనుకుని ఉల్లిపాయ రసం పట్టిస్తారు, గురివింద గింజ అరగదీసి రాస్తారు. పేనుకొరుకుడు వచ్చిన చోటు నున్నగా ఉంటుంది. పీకిన చోట పొట్టివీ పొడుగువీ మొలకలు వేలికి గరుగ్గా తగులుతాయి.

వైద్యంలో దీని పేరు ట్రైకోటిల్లోమేనియా. 1889లో హాలొపో అనే ఫ్రెంచి చర్మవైద్యుడు ఆ పేరు పెట్టాడు. నూటికి ఒకరిద్దరికి ఉంటుంది. ఎక్కువమందికి పది, పదమూడేళ్ల మధ్య మొదలవుతుంది. అంటే మన హైస్కూళ్లలో ఈ పిల్లలు లేని స్కూలు ఉండదు. నాకూ ఆ వయసులోనే మొదలైంది. ఇప్పటికీ పూర్తిగా పోలేదు, కానీ దాన్ని అదుపులో పెట్టుకుని బతకడం వచ్చింది. ఈ వారం ఆ సంగతే రాస్తున్నాను, ఎందుకంటే తలకి చున్నీ చుట్టుకుని, పాపిట పక్కకి మార్చుకుని, పెళ్లిలో పూలజడ వేస్తామంటే గుండె జారిపోయే ఆడపిల్లలు ఎందరో ఉన్నారు. మగపిల్లలు టోపీ పెట్టుకుంటారు, అంతే తేడా.

ఎవరికి చెప్పినా ముందు వచ్చే సలహా ఒకటే: మనసు గట్టి చేసుకో. ఈ సలహా ఇచ్చేవాళ్లకి ఆ చెయ్యి ఎలా పైకి వెళ్తుందో తెలియదు. పుస్తకం చదువుతున్నప్పుడు, ఫోను చూస్తున్నప్పుడు అది మనకి చెప్పకుండానే వెళ్తుంది. పది వెంట్రుకలు పోయాక గానీ తెలియదు. ఇంకో రకం ఉంది, అది తెలిసి చేసేది. వేళ్లు జుట్టులో వెతుకుతాయి. మిగతావాటికంటే ముతకగా, మెలికగా ఉన్న వెంట్రుక ఒకటి దొరుకుతుంది. దొరికాక వదలడం చాలా కష్టం, లాగేదాకా ఒంట్లో ఒక బిగువు నిలబడి ఉంటుంది. లాగాక కాసేపు హాయి, ఆ వెంటనే దిగులు. నిద్రలో నడిచే మనిషికి మనోబలం గురించి ఉపన్యాసం ఇస్తే ఏం లాభమో, మొదటి రకానికి ఆ సలహావల్ల అంతే లాభం. రెండో రకానికి ఆ సలహా ఇంకొంచెం సిగ్గు తగిలిస్తుంది. సిగ్గుపడ్డ మనిషి తలుపు వేసుకుంటుంది. తలుపు వేసిన గదిలోనే చెయ్యి ఎక్కువ పైకి వెళ్తుంది.

అమెరికాలో నేథన్ అజ్రిన్, గ్రెగరీ నన్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు 1973లో ఒక పద్ధతి చెప్పారు. చెయ్యి ఎప్పుడు, ఎక్కడ, ఎలా కదులుతుందో ముందు కనిపెట్టుకోవాలి. కదిలినట్టు తెలియగానే, ఆ పనితో పాటు చేయడానికి వీల్లేని ఇంకో పని ఆ చేతికి అప్పగించాలి. పిడికిలి బిగించడమైనా సరే, ఏదైనా వస్తువు పట్టుకోవడమైనా సరే, సుమారు మూడు నిమిషాలు. ఈ రోజుకీ దీనికి చేసే చికిత్సలో అదే వెన్నెముక.

మా పెద్దమ్మ ఆ ఇద్దరి పేర్లూ విని ఎరగదు. సెలవులకి వాళ్లింటికి వెళ్లినప్పుడు నా చెయ్యి తలమీదికి పోవడం ఆవిడ చూసేది. ఒక్కనాడూ చెయ్యి తియ్యమనలేదు. "ఇలా రావే, కార్తీకమాసం వస్తోంది, కాసిని వత్తులు చేసిపెట్టు" అని పత్తి పళ్లెం ముందుకి తోసేది. గింజ తీసిన పత్తిని చిటికెడు తుంచి, పలచగా విప్పి, అంచులన్నీ పైకి కూడదీసి, వేళ్లకి పాలు అద్దుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పేనితే పువ్వొత్తి. వెంట్రుకని పట్టేది ఆ రెండు వేళ్లే. పీకిన వెంట్రుకని పారేసేముందు నలిపి చూసుకునేదీ ఆ రెండు వేళ్లే. పత్తిలో దారం బిగుసుకుంటున్నప్పుడు వేలి కొసకి తగిలే ఆ సన్నటి పురి, వేళ్లు జుట్టులో వెతుక్కునేదానికి చాలా దగ్గర. పౌర్ణమికి వెలిగించే 365 వత్తుల కట్ట కోసం కూర్చుంటే పొద్దు ఎలా గడిచిందో తెలిసేది కాదు. చుట్టూ మనుషులుండేవారు, కబుర్లుండేవి, కాబట్టి తలుపు వేసుకోవాలన్న అవసరం రాలేదు.

ఒక్కొక్కరి వేళ్లకి ఒక్కో రుచి ఉంటుంది. అది కనిపెట్టడమే ఇందులో అసలు పని. లాగడంలో హాయి ఉన్నవాళ్లకి వత్తులు సరిపోవు. చిక్కుడుకాయల ఈనెలు తీయడం, వెల్లుల్లి రెబ్బలు ఒలవడం నయం, అక్కడ లాగినట్టూ ఉంటుంది, ఊడి వచ్చినట్టూ ఉంటుంది. ఆఫీసులో నాకు రబ్బరు బ్యాండు చాలు. కొందరికి జపమాల పూసలు.

చుట్టూ ఉన్నవి కూడా సర్దుకోవాలి. నాకు బల్ల మీద మోచెయ్యి ఆనిస్తే చాలు, అరచెయ్యి తల దగ్గరికి వచ్చేస్తుంది. అందుకే చేతులు లేని కుర్చీలో, బల్లకి కాస్త దూరంగా కూర్చుని చదువుతాను. బాత్రూం అద్దం మీది ఎక్కువ వెలుగు దీపం తీసేశాను. ప్లక్కరు నా గదిలో ఉంచను. పొద్దుపోయాక బొటనవేలికి బ్యాండెయిడ్ చుట్టుకుంటే వెంట్రుక పట్టు చిక్కదు. కొబ్బరినూనె రాసి బిగించి జడ వేసుకున్నా అంతే, జారిపోతుంది. ఎప్పుడు పీకానో, ఎక్కడ ఉన్నానో చిన్న పుస్తకంలో రాసుకుంటే మనకే తెలియని వేళలు బయటపడతాయి. నాది భోజనం చేసి ఒంటరిగా కూర్చున్న వేళ.

కొందరు పెద్దలు పిల్లకి గుండు చేయిస్తే వదులుతుందని తిరుమల తీసుకెళ్తారు. మొక్కు ఉంటే తల ఇవ్వండి, అది వేరు. అలవాటుకి శిక్షగా కళ్యాణకట్టకి తీసుకెళ్లడం తప్పు. తల దొరక్కపోతే చెయ్యి కనుబొమల మీదికీ, కనురెప్పల మీదికీ పోవచ్చు.

ఒక్క విషయంలో మాత్రం ఇంటి ఉపాయాలతో ఆగకూడదు. పీకిన వెంట్రుకలు నోట్లో పెట్టుకుని మింగే పిల్లలున్నారు. జుట్టు అరగదు. కడుపులో ఉండ కట్టి, ఆపరేషన్ చేసి తీయాల్సి వస్తుంది. అలాంటి పిల్ల కడుపునొప్పి అన్నా, వాంతులు చేసుకున్నా, అన్నం సయించక చిక్కిపోతున్నా వెంటనే డాక్టరుకి చూపించి, వెంట్రుకలు తింటోందన్న సంగతి దాచకుండా చెప్పాలి. మందుల గురించి కూడా ఒక మాట. ఎన్-ఎసిటైల్ సిస్టీన్ అనే మందు పెద్దవాళ్ల మీద 2009లో వచ్చిన అధ్యయనంలో బాగా పనిచేసింది. పిల్లల మీద 2013లో వచ్చిన దానిలో పనిచేయలేదు. ఎక్కడో చదివి కొనుక్కోవద్దు.

అమ్మలకీ నాన్నలకీ నా విన్నపం: బల్ల కింద వెంట్రుకలు కనిపిస్తే ఆ రోజు ఏమీ అనకండి. పిల్ల పక్కన కూర్చుని, మీ చేతిలో ఉన్న పనిలో సగం ఇవ్వండి. ఈ బాధ ఇంకా చాలామందికి ఉందనీ, దీనికి పేరుందనీ, చికిత్స ఉందనీ మెల్లగా చెప్పండి. హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలలోనూ, విశాఖపట్నం ప్రభుత్వ మానసిక వైద్యశాలలోనూ చూస్తారు. అంతదూరం వెళ్లలేనివాళ్లు మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ నంబరు 14416కి ఫోన్ చేయవచ్చు. డబ్బు కట్టనక్కర్లేదు, పగలైనా రాత్రైనా తెలుగులోనే మాట్లాడతారు.