గోడలు ఊరివి, గల్లాపెట్టె కొట్టాయనది

మూతపడిన కొట్టుని చందాలెత్తి తెరిపించడం ఏమంత కష్టం కాదు. నాలుగు రోజులు ఊరంతా ఉత్సాహంగా తిరిగితే డబ్బు పోగవుతుంది. ఆ డబ్బుని ఎక్కడ పెడితే కొట్టు మళ్ళీ మూతపడకుండా ఉంటుందో తెలియడమే పనితనం. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రపు పల్లెలు ఈ సంగతిలో చేసుకున్న అమరిక చూస్తే, చెయ్యి తిరిగిన వడ్రంగి బిగించిన తలుపు గుర్తొస్తుంది నాకు. ఎక్కడా మేకు కనపడదు, కీలు కిర్రుమనదు.

బార్నార్డ్ అని ఒక ఊరు. వెయ్యిమంది కూడా ఉండరు. నవలాకారుడు సింక్లెయిర్ లూయిస్, పాత్రికేయురాలు డొరొతీ థాంప్సన్ దంపతులు ఒకప్పుడు ఇల్లు కొనుక్కుని ఉన్నది ఇక్కడే. సిల్వర్ లేక్ అనే చెరువు ఒడ్డున, 1832 నుంచీ నడిచిన జనరల్ స్టోరు ఈ ఊరికి గుండెకాయ. పాలు, రొట్టె, పొద్దున్నే కాఫీ, వేసవిలో ఈతకొచ్చిన పిల్లలకి ఐస్‌క్రీము. మన కిరాణా కొట్టు ముందు అరుగు చేసే పనిని అక్కడ లోపలి కాఫీ బల్ల చేస్తుంది. చలి దేశం కదా, అరుగు లోపలికి నడిచొచ్చింది.

2011 ఆగస్టు 28న ఐరీన్ తుపాను వెర్మాంట్ రోడ్లనీ వంతెనలనీ కోసుకుపోయింది. ఆ చలికాలం మంచూ సరిగ్గా పడలేదు. మంచు లేకపోతే స్కీయింగుకొచ్చే జనం ఉండరు, జనం లేకపోతే గల్లాపెట్టె గలగలలాడదు. 2012లో కొట్టు మూతపడింది.

కొత్తగా ఎవరైనా కొని నడపొచ్చు కదా అంటారేమో. అసలు చిక్కు అక్కడే ఉంది. చెరువు గట్టు మీది స్థలానికి, ఇల్లు కట్టుకునేవాడు ఇచ్చే ధర పాలూ రొట్టే అమ్ముకునేవాడు ఇవ్వలేడు. బ్యాంకు అప్పుతో కొన్నాడే అనుకుందాం, సరుకు మీద మిగిలే నాలుగు డబ్బులూ వాయిదాలకే చాలవు. అంటే కొట్టుని ముంచేది వ్యాపారం ఒక్కటే కాదు, వ్యాపారం నెత్తిన కూర్చున్న భవనం ధర కూడా.

ఊరివాళ్ళు ఈ బరువునే పట్టుకుని కిందికి దించారు. బార్నార్డ్ కమ్యూనిటీ ట్రస్టు పేరుతో సంఘం కట్టి, సుమారు 5 లక్షల డాలర్లు కూడగట్టి, భవనాన్ని కొనేశారు. కొన్నాక తామే కౌంటర్లో కూర్చోలేదు. నడపగలిగినవాళ్ళకి అద్దెకిచ్చారు. 2013లో కొట్టు తెరుచుకుంది.

ఆ అద్దెకివ్వడంలోనే ఉంది నేను మెచ్చుకునే నేర్పు. పదిమంది పెద్దలు సమావేశమై ఉప్పు ప్యాకెట్టు ధర తేల్చే కొట్టు ఎన్నాళ్ళు బతుకుతుంది? సరుకూ లాభనష్టాలూ నడిపేవాడివే కాబట్టి తెల్లారకముందే లేచి కాఫీ పెడతాడు. భవనం కొన్న అప్పు తన మెడకి లేదు కాబట్టి చలికాలం బేరాలు తగ్గినా తట్టుకుంటాడు. అతను అలిసిపోయి వెళ్ళిపోతే ఊరు వెతుక్కోవలసింది ఇంకొక మనిషిని, అంతే. భవనం బజారుకెక్కదు.

పట్నీ అనే మరో ఊళ్ళో ఈ అమరికకి అగ్నిపరీక్షే జరిగింది, మాట వరసకి కాదు, నిజంగానే. 2008లో పాత జనరల్ స్టోరు అంటుకుంది. ఊరి చరిత్ర సంఘం దాన్ని కొని బాగుచేయిస్తుండగా 2009 నవంబరులో ఎవరో నిప్పు పెట్టడంతో మొత్తం కాలిపోయింది. పాత కాగితాలు భద్రపరుచుకునే సంఘమే మళ్ళీ పునాది నుంచి కట్టించి 2011లో తెరిపించింది. ఒంటరి ఆసామి అయితే రెండో మంట తర్వాత దణ్ణం పెట్టి వెళ్ళిపోయేవాడు, తప్పు పట్టలేం.

ఈ పనిలో ఒక లోటు లేకపోలేదు. భవనాన్ని ట్రస్టు కాపాడగలదు గానీ బేరాన్ని కాపాడలేదు. చందా ఇచ్చిన చేత్తోనే కారు తీసి పట్నంలో సూపర్‌మార్కెట్‌కి వెళ్ళేవాళ్ళని ఏ ఒప్పందం ఆపుతుంది?

బోస్టన్, న్యూజెర్సీల నుంచి ఆకుల రంగులు చూడ్డానికి వెర్మాంట్ వెళ్ళే మనవాళ్ళు తక్కువేమీ కాదు. దారిలో ఇలాంటి కొట్టు కనిపిస్తే ముందు నిలబడి ఫోటో దిగి వచ్చేయకండి. లోపలికెళ్ళి ఏదైనా కొనండి.