అభిమాన సంఘం లేని తేదీలు

పాతిక, యాభై, డెబ్బై ఐదు, వంద. ఈ నాలుగు అంకెలకు పత్రికల్లో ఉన్న మర్యాద ఇంకే అంకెకూ లేదు. నలభై తొమ్మిదో ఏడు వస్తే పలకరించే నాథుడుండడు, యాభై నిండితే ప్రత్యేక అనుబంధమే వేస్తారు. ఆ లెక్కన 2025 మా ప్రాంతానికి పండగ సంవత్సరం. పశ్చిమ గోదావరి జిల్లా పుట్టి వందేళ్లు. ‘మిస్సమ్మ’ విడుదలై డెబ్బై ఏళ్లు. తాడేపల్లిగూడెం రేలంగి వెంకట్రామయ్య కన్నుమూసి మొన్న నవంబరు ఆఖరుకి యాభై ఏళ్లు. వారం వారం తేదీల మీద రాసేవాడికి ఇంతకంటే ఏం కావాలని మిత్రులు అంటుంటారు. నాకు మాత్రం ఇలాంటి ఏడాదే కష్టమనిపిస్తుంది. తేదీ ఎవరో ఒకరు గుర్తు చేస్తారు. ఆ తేదీ దగ్గర ఆగి ఇవాళ మనం మాట్లాడుకోవాల్సింది ఏమిటన్నది ఎవరూ చెప్పరు.

రేలంగినే తీసుకుందాం. 1970లో పద్మశ్రీ, ‘మాయాబజార్’లో లక్ష్మణ కుమారుడు, వందల సినిమాలు. ఇవన్నీ వరసపెట్టి రాస్తే నివాళి అవుతుంది. అది రాయడానికి చాలామంది ఉన్నారు. నన్ను ఆపేది ఇంకొకటి. మద్రాసులో సంపాదించిన డబ్బుతో ఆయన తాడేపల్లిగూడెంలో సినిమా హాలు కట్టించాడు. చివరి రోజులు గడపడానికి గూడేనికే వచ్చాడు. తన సినిమా ఆడే హాలు తన ఊళ్లో తనదై ఉండాలని ఒక నటుడు కోరుకున్న కాలం అది. ఈ ఏడాది మే నెలలో ఏం జరిగిందో మనం చూశాం. అద్దె పద్ధతి గిట్టుబాటు కాదు, వసూళ్లలో శాతం ఇవ్వండని ఎగ్జిబిటర్లు అడిగారు. లేకపోతే జూన్ 1 నుంచి హాళ్లు మూసేస్తామన్నారు. తర్వాత వెనక్కి తగ్గారు కానీ, అడిగిన ప్రశ్న ఎక్కడికీ పోలేదు. జిల్లా పట్టణాల్లో ఒంటి తెర హాలు నడిపేవాడికి ఏం మిగులుతోంది? రేలంగి యాభయ్యో వర్ధంతి నాడు దండ వేసినవాళ్లు ఆ మాట కూడా ఎత్తి ఉంటే ఆయనకు ఇంకాస్త గౌరవం చేసినట్టయ్యేది.

‘మిస్సమ్మ’ కూడా అంతే. 1955 జనవరి 12న వచ్చిన ఆ సినిమాను మనం వెన్నెల పాటలతోనే గుర్తుపెట్టుకున్నాం. కథ మొదలయ్యేది మాత్రం నిరుద్యోగంతో. బి.ఏ. చదివిన ఇద్దరికి ఉద్యోగాలుండవు. జమీందారు స్కూల్లో రెండు టీచరు పోస్టులున్నాయి, భార్యాభర్తలకే ఇస్తారు. ఆ రెండు పోస్టుల కోసం వాళ్లు మొగుడూ పెళ్లాలమని అబద్ధమాడతారు. డెబ్బై ఏళ్ల తర్వాత, ఇదే 2025లో, మన రాష్ట్రంలో 16,347 టీచరు పోస్టులకు మెగా డీఎస్సీ జరిగింది. పోటీ పడినవాళ్లు మూడు లక్షలకు పైనే. ఏలూరులో కోచింగ్ సెంటర్ల ముందు అర్ధరాత్రి దాకా జిరాక్సు కాగితాలు పట్టుకుని నిలబడ్డ పిల్లల్ని చూశాక, ఎన్టీఆర్, సావిత్రి ఆ ఉద్యోగ ప్రకటన చదివే ఘట్టం నాకు హాస్యంగా తోచడం మానేసింది. వాళ్లలో చాలామందికి అది మూడో ప్రయత్నమో నాలుగో ప్రయత్నమో. కొందరికి వయసు దాటిపోతోంది. వాళ్ల కోసం డీఎస్సీ ఏటేటా జరగాలి. ఎన్నికల ఏడాదికోసారి జరిగితే చాలదు.

ఆ సినిమాలో మన గడ్డ మీది వాళ్లు ముగ్గురున్నారు. దర్శకుడు ఎల్.వి.ప్రసాద్‌ది ఏలూరు పక్కన సోమవరప్పాడు. జమీందారు వేసిన ఎస్.వి.రంగారావు పుట్టింది నూజివీడులో. దేవయ్య వేషం రేలంగిది. 1955లో నూజివీడు కృష్ణా జిల్లా, ఇప్పుడు ఏలూరు జిల్లా. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాక రంగారావు మన జిల్లావాడయ్యాడు. ఆయన కాంస్య విగ్రహం మాత్రం 2019లోనే గూడెంలో చిరంజీవి చేతుల మీదుగా వెలిసింది. గూడెం ఇప్పుడు మన జిల్లా కాదు.

వందేళ్ల పశ్చిమ గోదావరి దగ్గర చిక్కు ఇదే. 1925లో కృష్ణా జిల్లాను చీల్చి కొత్త జిల్లా చేసినప్పటి నుంచి 2022 దాకా దాని ముఖ్యపట్టణం ఏలూరు. ఇప్పుడు ఆ పేరు భీమవరానికి పోయింది, వందేళ్ల కచేరీ రికార్డులూ కలెక్టరు బంగళా ఏలూరులో ఉన్నాయి. ఈ వందేళ్లూ ఎవరివని అడిగితే రెండు జిల్లాలవీ అంటాను. రెండు చోట్లా కలిసి ఒక్క పుస్తకం వేసినా బాగుండేది.

తేదీల మీద రాసే ఈ పనిలో నాకు బాగా నచ్చేది సరిచూసుకోవడం. మన తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబరు 15న విడుదలైందని దశాబ్దాల పాటు రాశారు, సభలు పెట్టారు, కేకులు కోశారు. పాత్రికేయుడు రెంటాల జయదేవ పాత పత్రికలూ సెన్సారు వివరాలూ తిరగేసి, 1932 జనవరిలో సెన్సారై, ఫిబ్రవరి 6న బొంబాయి కృష్ణా టాకీసులో విడుదలైందని తేల్చారు. ఒక తేదీని మార్చడానికి ఆయన ఏళ్ల తరబడి తిరిగారు. ఆ సినిమాలో చిన్న వేషం వేసిన ఎల్.వి.ప్రసాద్, అంతకుముందే ‘ఆలం ఆరా’లోనూ, ‘కాళిదాసు’లోనూ ఉన్నాడు. హిందీ, తమిళం, తెలుగు తొలి టాకీలు మూడింటిలోనూ కనిపించిన మనిషి సోమవరప్పాడు నుంచి వెళ్లాడని మన పిల్లలకు బడిలో చెప్పాలి.

సినిమాల సంగతి ఇలా ఉంటే, ఇళ్లలో పరిస్థితి వేరు. ఊళ్లలో ఎవరిదైనా వర్ధంతి తేదీ అడిగితే “మాఘ బహుళ ఏకాదశి అండి” అంటారు. తద్దినం తిథి ప్రకారం పెడతారు, పత్రికకేమో ఇంగ్లిషు తేదీ కావాలి. అప్పుడు పాత పంచాంగం తీసి లెక్క కట్టాలి. మామ్మలకు నక్షత్రం గుర్తుంటుంది, సంవత్సరం గుర్తుండదు. నేను మొదట సంవత్సరం అడగను. ఆ ఏడాది ఏ పంట పోయింది, ఏ తుపాను వచ్చింది, ఇంట్లో ఎవరి పెళ్లయింది అని అడుగుతాను. దివిసీమ ఉప్పెన ఏడు అంటే 1977. అక్కడ నుంచి ముందుకో వెనక్కో నడిస్తే తేదీ దొరుకుతుంది.

ఇక ఈ వారానికి వస్తాను. సోమవరప్పాడు ఉన్న దెందులూరు మండలంలోనే కొవ్వలి ఉంది. 1960 డిసెంబరు 2న అక్కడ పుట్టిన విజయలక్ష్మి నాలుగో తరగతితో బడి మానేసి, మద్రాసు వెళ్లి, 1980లో ‘వండి చక్కరం’ అనే తమిళ సినిమాలో వేసిన వేషం పేరుతో సిల్క్ స్మిత అయింది. 1996లో ముప్ఫై ఐదేళ్లకే వెళ్లిపోయింది. 2011లో ఆమె జీవితం స్ఫూర్తిగా హిందీలో ‘ది డర్టీ పిక్చర్’ తీసినవాళ్లు దాన్ని సరిగ్గా డిసెంబరు 2నే విడుదల చేశారు. ఆమె పుట్టినరోజు అలా ఇంకొకరి వ్యాపారానికి ముహూర్తమైంది. ‘సీతాకోక చిలుక’ చూసినవాళ్లకు తెలుసు, ఆమెలో నటి ఉంది. బతికుంటే ఈ వారం అరవై ఐదు నిండేవి. కొవ్వలి బడికి ఆమె పేరున ఒక ఆడపిల్ల చదువు ఖర్చు పెట్టేవాళ్లు సినీరంగంలో ఒక్కరు ముందుకొస్తే, నాలుగో తరగతిలో ఆగిపోయిన ఆ చదువుకు అంతకంటే మంచి జ్ఞాపకం ఉండదు.

డిసెంబరు 5 సంగతి వేరు. ఆ తేదీకి అభిమాన సంఘం లేదు, కుటుంబం లేదు, పార్టీ లేదు.

2020 డిసెంబరు 5 శనివారం సాయంత్రం ఏలూరు వన్‌టౌన్‌లో మనుషులు ఉన్నట్టుండి కూలిపోవడం మొదలైంది. దక్షిణపు వీధి, తూర్పు వీధి, పడమర వీధి, కొత్తపేట. మాట్లాడుతూ మాట్లాడుతూనే కళ్లు తేలేయడం, నోట నురగ, మూర్ఛ, ఐదు నిమిషాలకో పది నిమిషాలకో లేచి ఏం జరిగిందని అడగడం. ఆటోలు వరసపెట్టి ప్రభుత్వాసుపత్రికి పరుగెత్తాయి. ఆసుపత్రి గేటు దగ్గర ఒకావిడ కొడుకు గడ్డం కింద చేయి పెట్టి, నాలుక కరుచుకోకుండా చీర కొంగు మడిచి పళ్ల మధ్య పెట్టింది. వైద్యులు అలా పెట్టకూడదంటారు. ఆ సమయంలో ఆ తల్లికి ఎవరు చెబుతారు? కోవిడ్ కాలం కనుక అందరి మూతికీ మాస్కులు, ఎవరి ముఖమూ ఆనవాలు పట్టలేని స్థితి. కుళాయి నీళ్లన్నారు, పాలన్నారు, కూరగాయలన్నారు, బ్లీచింగన్నారు. ఐదొందల మందికి పైగా పడ్డారు, ఒకరు చనిపోయారు. ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. తర్వాత నిపుణుల కమిటీ పురుగుమందుల అవశేషాల వైపు వేలు చూపింది. అవి మనుషుల ఒంట్లోకి ఏ దారిన చేరాయో తేలాలంటే ఇంకా పరీక్షలు కావాలంది. మరుసటి నెలలో భీమడోలు మండలం పూళ్లలోనూ, దెందులూరు మండలం కొమిరేపల్లిలోనూ అవే లక్షణాలతో జనం పడ్డారు. అంతటితో వార్త ఆగిపోయింది.

ఈ వారానికి ఐదేళ్లు నిండాయి. అదే వారంలో, 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి, భోపాల్‌లో విషవాయువు వెలువడింది. అంత పెద్ద ఘోరంతో మా ఊరి సంగతిని నేను తూచడం లేదు. కానీ భోపాల్ బాధితులు నలభై ఏళ్లుగా ప్రతి డిసెంబరులోనూ వీధిలోకి వచ్చారు. వాళ్లు అలా రాకపోతే యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ ఆవరణలో పడి ఉన్న 337 టన్నుల విషపు చెత్త ఈ ఏడాది జనవరిలో కదిలేదే కాదు, జూన్ ఆఖరుకి పీతంపూర్‌లో కాలేదే కాదు. అక్కడ ఆ తేదీని ఏటా అడుగుతూ వచ్చినవాళ్లున్నారు కాబట్టే నలభై ఏళ్లకైనా పని జరిగింది. ఏలూరులో లేచి ఇంటికెళ్లిన వాళ్లంతా కూలీనాలీ చేసుకునేవాళ్లు, చిన్న దుకాణాలవాళ్లు, ఆసుపత్రి చీటీ ఎక్కడ పెట్టారో కూడా గుర్తులేని వాళ్లు. వాళ్లు సంఘం పెట్టుకోలేదు. అందుకే ఈ కాలమ్‌లో ఏ సినీ తారకు చోటు తగ్గినా డిసెంబరు 5కు తగ్గించను.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. మన ఊరు తాగేది కాలువ నీరు. ఆ కాలువలు వరి పొలాల మధ్య నుంచి, చేపల చెరువుల పక్క నుంచి వస్తాయి. ఏటా డిసెంబరు మొదటి వారంలో ఆ నీటిలో పురుగుమందులెంత, సీసమెంత, నికెలెంత అన్న పరీక్ష ఫలితాలు వార్డు సచివాలయం గోడకు తెలుగులో అంటించాలి. మందు కొట్టే కౌలు రైతు కూడా అది చదవాలి. ఎవరినీ శిక్షించమని కాదు, తెలియజేయమని.

ఆ కాలువలూ డ్రెయిన్లూ చివరికి చేరేది కొల్లేరు సరస్సుకే. బుడమేరు, తమ్మిలేరు కూడా అక్కడికే. ఉప్పుటేరు ఒక్కటే బయటికి దారి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడను ముంచిందని దేశమంతా చూసింది. ఆ నీళ్లే కిందికి దిగి కొల్లేటి లంకల్ని రోజుల తరబడి చుట్టేసిన సంగతి చాలామంది మరిచారు. సరస్సుకు సంబంధించి వచ్చే ఏడాది ఒక పెద్ద తేదీ ఉంది. 1999 అక్టోబరులో 308 చదరపు కిలోమీటర్లను, అంటే ఐదో కాంటూరు (ఎత్తు గీత) వరకూ, అభయారణ్యమన్నారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో చేపల చెరువుల గట్లు పేల్చేశారు. దానికి 2026లో ఇరవై ఏళ్లు. తర్వాత రెండేళ్లకే హద్దును మూడో కాంటూరుకు తగ్గించమని శాసనసభ తీర్మానించింది. దాన్ని పరిశీలించిన అజీజ్ కమిటీ వద్దంది. ఇవాళ్టికీ ఆ వాదన కోర్టుల్లోనే ఉంది.

ఆ ఇరవయ్యేళ్ల సందర్భం కోసం ఇప్పటి నుంచే కొల్లేటి లంకల్లో తిరుగుతున్నాను. కైకలూరు వైపు ఒక లంకలో గుర్రపు డెక్క ఏరి గట్టున వేస్తున్న పెద్దావిణ్ని, మీ చెరువు ఏ రోజు కొట్టారమ్మా అని అడిగాను.

“తారీకులు నాకెలా తెలుస్తాయి బాబూ. పొక్లెయిన్లు వచ్చిన రోజు మా చిన్నదానికి పెళ్లిచూపులు. వాళ్లు గట్టు మీదాకా వచ్చి వెనక్కెళ్లిపోయారు.”

“మళ్లీ రాలేదా?”

“చెరువు చూసి వచ్చారు గదా, చెరువు లేకపోతే ఎందుకొస్తారు? మాది జిరాయితీ భూమి బాబూ, డబ్బులిస్తామన్నారు. కాగితం మా ఆయన దాచాడు. ఆయనా పోయాడు.”

సరస్సు బతకాలనే నేను అనుకుంటాను. ఆటపాక గూడబాతులకు నీళ్లు కావాలి, సరస్సు పోతే కింద ఉన్న ఊళ్లు కూడా మునుగుతాయి. అభయారణ్యంలో ఇరుక్కున్న జిరాయితీ రైతుకు పరిహారం ఇవ్వకుండా సరస్సును కాపాడలేమని కూడా అంతే గట్టిగా అనుకుంటాను. ఇరవయ్యేళ్ల సందర్భంలో వ్యాసాలు రాసేవాళ్లు ఈ రెండింటిలో ఒకటే పట్టుకుంటారేమోనని నా భయం.

ఆవిడ చెరువు గట్టు కొట్టిన తేదీ ఏ శాఖ పంచనామాలోనో ఉండే ఉంటుంది. మండలం పేరు, సర్వే నంబరు రాసుకున్నాను. చిత్తడి నేలల దినం ఫిబ్రవరి 2న వస్తుంది, ఆలోపు దాన్ని పట్టుకోవాలి. 2006లో లంకల్లో గట్లు కొట్టినప్పుడు ఇచ్చిన నోటీసులు, పంచనామా నకళ్లు, పరిహారం కాగితాలు ఎవరి దగ్గరైనా ఉంటే పత్రిక చిరునామాకు ఒక జిరాక్సు పంపండి. అసలు కాగితం పంపవద్దు, అది మీ దగ్గరే ఉండాలి.