పదహారు మిల్లీసెకన్లలో మెరుపు

వీడియో గేముల్లో కనిపించే మెరుపుల్లో చాలావాటికి ఒక జబ్బు ఉంది. తెర మీద ఉన్నంతసేపూ వాటి ఆకారం నిలకడగా ఉండదు. ఫ్రేము మారినప్పుడల్లా వంకరలు మారిపోతాయి, కొమ్మలు చోటు మార్చుకుంటాయి. చూడ్డానికి హుషారుగానే ఉంటుంది. కానీ అది ఆకాశంలో మెరుపు కాదు, ప్రయోగశాలలో టెస్లా కాయిల్ చిమ్మే విద్యుత్ రవ్వ. ఆకాశంలో మెరుపు ఒకసారి దారి వేసుకుందంటే ఆ దారిలోనే మళ్లీ మళ్లీ వెలుగుతుంది. మన కంటికి కనిపించే రెపరెపలో మారేది వెలుగే, దారి కాదు. మెరుపును గీయడం నేర్చుకునేవాళ్లు ముందు పట్టుకోవలసింది ఈ తేడానే అని నా నమ్మకం. ఆకారం గురించి ఎన్నో మంచి పరిశోధనలు వచ్చాయి. కాలం సంగతే చాలామంది పట్టించుకోలేదు.

మేఘం నుంచి నేలకు దిగే మెరుపు మొదట్లో మన కంటికి దాదాపు ఆనదు. స్టెప్డ్ లీడర్ అనే విద్యుత్ పాయ ఒక్కో అంగలో సుమారు 50 మీటర్లు దూకుతుంది, ఓ 50 మైక్రోసెకన్లు ఆగుతుంది, మళ్లీ దూకుతుంది. అలా కొమ్మలు వేసుకుంటూ కిందికి వస్తుంది. అది నేలను చేరగానే ఆ దారి వెంట కింది నుంచి పైకి ప్రచండమైన వెలుగు ఎగబాకుతుంది. దాన్ని రిటర్న్ స్ట్రోక్ అంటారు. మామూలుగా 30 వేల ఆంపియర్ల దాకా విద్యుత్తు పారుతుంది. దారిలోని గాలి సుమారు 30 వేల డిగ్రీలకు, అంటే సూర్యుడి ఉపరితలానికి ఐదు రెట్లు వేడెక్కుతుంది. మనం ఉలిక్కిపడేది ఈ ఘట్టానికే. కథ అక్కడితో అయిపోదు. చాలాసార్లు 40, 50 మిల్లీసెకన్ల విరామంతో అదే దారిలో ఇంకో రెండు మూడు స్ట్రోకులు వస్తాయి. వాటిలో సాధారణంగా కొమ్మలు వెలగవు, ప్రధాన పాయ ఒక్కటే వెలుగుతుంది.

ఇదంతా తెర మీదికి తేవడానికి ప్రోగ్రామర్ చేతిలో ఉన్న వ్యవధి చాలా తక్కువ. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లు. అందులోనే నేల, చెట్లు, మనుషులు, నీడలు, వాన అన్నీ గీయాలి. మిగిలిన ఆవగింజంత సమయంలో మెరుపు పుట్టాలి.

ఆ ఇరుకులో ఇప్పటికీ అక్కరకొస్తున్నది 1982లో అలెన్ ఫోర్నియే, డాన్ ఫస్సెల్, లోరెన్ కార్పెంటర్ ప్రచురించిన పరిశోధన పత్రంలోని పద్ధతి. కొండలు, తీరరేఖలు గీయడానికి వాళ్లు చెప్పిన ఆ మిడ్‌పాయింట్ డిస్‌ప్లేస్‌మెంట్ మెరుపుకు కూడా అతికినట్టు సరిపోయింది. మేఘంలో ఒక బిందువు, నేల మీద ఒక బిందువు తీసుకుని తిన్నని గీత గీయండి. గీత పొడవు 1,000 మీటర్లు అనుకుందాం. సరిగ్గా మధ్య బిందువును పట్టుకుని పక్కకు, 150 మీటర్లకు మించకుండా, యాదృచ్ఛికంగా జరపండి. ఇప్పుడు రెండు ముక్కలయ్యాయి. ప్రతి ముక్క మధ్య బిందువునూ జరపండి, ఈసారి హద్దు 75 మీటర్లు. తర్వాత 37. ఆరుసార్లు చేస్తే 64 ముక్కల వంకర గీత తయారవుతుంది. పెద్ద వంకరలో చిన్న వంకర, అందులో ఇంకా చిన్న వంకర ఉంటాయి. హద్దును ప్రతిసారీ సగం చేయడంలోనే కిటుకంతా ఉంది. తగ్గించకపోతే పిచ్చి గీతలా తయారవుతుంది, మరీ త్వరగా తగ్గిస్తే మెత్తగా వంగిన తాడులా కనబడుతుంది.

కొమ్మలు కూడా అక్కడే పుడతాయి. ముక్కను విరిచినప్పుడు, అప్పుడప్పుడు మాత్రమే, ముక్క మొదటి నుంచి మధ్య బిందువు దాకా ఉన్న దిశను కొద్దిగా తిప్పి, పొడవు కాస్త తగ్గించి కొత్త గీత మొదలుపెడతారు. ఆ తర్వాత ఆ కొమ్మ కూడా తల్లిగీతలాగే విరుగుతూ పోతుంది. దిశను మొదటి నుంచి కిందికే తీసుకోవడం వల్ల కొమ్మలన్నీ నేలవైపు చూస్తాయి. మేఘం నుంచి నేలకు దిగే మెరుపులో ఉండేదీ అదే. కొమ్మలు పైకి చూసే మెరుపు గీసి, ఏదో తేడాగా ఉందే అని తలపట్టుకునేవాళ్లకు జవాబు ఇదే.

మెరుపు కోసమే ప్రత్యేకంగా ఆలోచించినవాళ్లలో ముందుగా చెప్పుకోవలసింది కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయానికి చెందిన టాడ్ రీడ్, బ్రయన్ వైవిల్. 1994లో సిగ్రాఫ్ అనే కంప్యూటర్ గ్రాఫిక్స్ సదస్సులో వాళ్లు చూపిన పద్ధతి అసలు మెరుపుల ఫొటోల నుంచి కొలిచిన లెక్కను ఆధారం చేసుకుంది. ఒక ముక్క నుంచి పక్క ముక్కకు దిశ సగటున 16 డిగ్రీలు మారుతుందన్నదే ఆ లెక్క. సొంత ఊహతో కోణాలు వేసుకోకుండా ఆకాశాన్ని అడిగి తెలుసుకున్న పని అది. అందుకే నాకు ఆ పత్రమంటే అభిమానం.

పదేళ్ల తర్వాత, 2004లో, నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో థియోడర్ కిమ్, మింగ్ లిన్ ఇంకా లోతుకు వెళ్లారు. నీమయర్, పియెట్రోనెరో, వీస్‌మన్ అనే భౌతిక శాస్త్రవేత్తలు 1984లో ప్రతిపాదించిన నమూనాను వాళ్లు వాడారు. స్థలాన్ని గడులుగా విభజించి, ప్రతి గడిలో విద్యుత్ పొటెన్షియల్ ఎంతో లెక్కకట్టి, ఎక్కువ ఉన్న గడివైపు మెరుపు పాకే అవకాశం ఎక్కువయ్యేలా చేస్తారు. ఈటా అనే ఒక్క సంఖ్యను పెంచితే మెరుపు తిన్నగా సాగుతుంది, తగ్గిస్తే పొదలా గుబురుగా అల్లుకుంటుంది. చాలా అందమైన పద్ధతి. కానీ ఒక్కో గడి పెరిగినప్పుడల్లా మొత్తం లెక్క మళ్లీ చేయాలి. కిమ్ బృందమే 2007లో ఆ లెక్కను బాగా వేగవంతం చేసినా, ఆట నడుస్తూ ఉండగా ఇంత శ్రమ పెట్టనక్కర్లేదు. ముందే కొన్ని మెరుపులు పండించి దాచుకుని, తిప్పి, సాగదీసి వాడుకుంటే సరిపోతుంది.

ఇక మందం, కాంతి. మెరుపు పాయ నిజమైన మందం కొన్ని సెంటీమీటర్లే. కిలోమీటరు దూరంలో ఉన్న దాన్ని 1,920 పిక్సెళ్ల వెడల్పు తెర మీద, 60 డిగ్రీల చూపుతో గీస్తే ఒక్క పిక్సెల్ సుమారు 60 సెంటీమీటర్లను ఆక్రమిస్తుంది. అంటే లెక్క ప్రకారం మెరుపు పిక్సెల్‌లో ఇరవయ్యో వంతు కూడా ఉండకపోవచ్చు. మనకు లావుగా కనబడేది దాని దేహం కాదు, కంట్లోనూ కెమెరాలోనూ తేమగాలిలోనూ చెదిరిన కాంతి. కాబట్టి గ్రాఫిక్స్‌లో బ్లూమ్ అనే కాంతి పరిచే దశ ఇక్కడ సోకు కోసం పెట్టేది కాదు, మెరుపు రూపంలో ముఖ్యభాగం అదే. కిమ్, లిన్ ఇందుకోసం పొగమంచులో దీపకాంతి చెదిరే తీరు మీద శ్రీనివాస నరసింహన్, శ్రీ నాయర్ చేసిన పరిశోధనను వాడుకున్నారు.

ఇక్కడే కొత్తవాళ్లకు ఎదురయ్యే చిక్కు ఒకటుంది. ప్రతి ముక్కనూ కెమెరావైపు తిరిగిన సన్నని పట్టీగా గీసి, కాంతులను కలుపుతూ పోతే, రెండు పట్టీలు కలిసే చోట కాంతి రెట్టింపయ్యి మెరుపంతా పూసలు గుచ్చిన దండలా కనబడుతుంది. మందు సులువే. మెరుపును ముందు ఒక విడి బఫర్‌లో గీయాలి. అక్కడ కాంతులను కూడకుండా, రెండింటిలో ఎక్కువైనదాన్ని మాత్రమే ఉంచాలి. ఆ తర్వాతే మొత్తాన్ని దృశ్యానికి కలపాలి. పూసలు మాయమైపోతాయి.

ఇప్పుడు కాలం దగ్గరికి వద్దాం. 50 మిల్లీసెకన్ల విరామం అంటే మూడు ఫ్రేములు. మొదటి ఫ్రేములో ప్రధాన పాయ, కొమ్మలు అన్నీ పూర్తి వెలుగుతో రావాలి. తర్వాతి రెండు ఫ్రేముల్లో వెలుగు సగానికి, పావుకు పడిపోవాలి. నాలుగో ఫ్రేములో ప్రధాన పాయ మాత్రమే మళ్లీ భగ్గుమనాలి. ఇలా రెండు మూడుసార్లు జరిగి ఆరిపోవాలి. ఆకారంలో ఒక్క బిందువు కూడా కదలకూడదు. దృశ్యంలోని గోడలు, మబ్బులు, తడినేల కూడా అదే లయలో వెలగాలి. ఉరుము మాత్రం కిలోమీటరుకు మూడు సెకన్ల చొప్పున ఆలస్యంగా వినబడాలి. ఇంకో లాభం ఏమిటంటే, ఆకారాన్ని ఒకేసారి లెక్కకట్టి దాచుకుంటాం కాబట్టి ఫ్రేముకో కొత్త మెరుపు పుట్టించే తప్పుడు పద్ధతి కంటే ఈ నిజమైన పద్ధతికే పని తక్కువ.

ఈ రెపరెపతో ప్రమాదం కూడా ఉంది. 1997 డిసెంబర్ 16న జపాన్‌లో పోకెమాన్ కార్టూన్ ప్రసారంలో, పికాచూ విద్యుత్ దాడికి క్షిపణులు పేలే దృశ్యంలో ఎరుపు, నీలం కాంతులు వేగంగా మారుతూ మెరిశాయి. ఆరువందల మందికి పైగా ఆస్పత్రుల పాలయ్యారు, ఎక్కువమంది పిల్లలే. సెకనులో మూడుకు మించి మెరుపులు ఉండకూడదని వెబ్ ప్రమాణాలు చెబుతున్నాయి. అసలు మెరుపు ఆ హద్దును తేలిగ్గా దాటేస్తుంది. ఈ ఒక్క చోట నిజం వెనక్కి తగ్గాల్సిందే. తర్వాతి స్ట్రోకుల వెలుగు తేడాను తగ్గించాలి, మెరుపులను పూర్తిగా ఆపేసుకునే మీట ఆటగాడికి ఇవ్వాలి. అది లేని ఆట, మెరుపు ఎంత బాగున్నా, పూర్తయినట్టు కాదు.

ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్న పిల్లలకు ఒక మాట. తొలకరి ఉరుముల రోజుల్లో, మూసిన కిటికీ లోపలి నుంచే, ఫోన్ స్లో మోషన్‌లో మెరుపును తీయండి. సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోన్‌లో ఒక్కో ఫ్రేము సుమారు నాలుగు మిల్లీసెకన్లే కాబట్టి, స్ట్రోకుల మధ్య విరామం పది ఫ్రేములకు పైగా సాగుతుంది. ఎన్ని స్ట్రోకులు వచ్చాయో, కొమ్మలు ఎప్పుడు ఆరాయో కూర్చుని లెక్కపెట్టండి. ఆ అంకెలనే మీ కోడ్‌లో పెట్టండి. డాబా మీదికి, చెట్టు కిందికి మాత్రం వెళ్లకండి.